వీడియో ఆటలు: ఓడినవాడు కారణము చెప్పగలడా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలు ఎక్కినవారు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషనులు దాటి ఎల్.బి. నగర్‌లో దిగులోగా ఏమి చేయుచున్నారో ఒకసారి గమనింపుడు. ఒకడు రంగురంగుల మిఠాయిలను వరుసలో చేర్చుచుండును. వేరొకడు తెరపై రైలుపట్టాల మీద పరుగెత్తుచుండును. ఒకామె ఊరిలోనున్న అక్కచెల్లెండ్రతో లూడో పాచిక వేయుచుండును. కోచింగు తరగతి ముగించుకొని వచ్చిన విద్యార్థి చెవులకు తీగ తగిలించుకొని తుపాకి గురి చూచుచుండును. వీరిని ప్రక్కనుండి చూచువారి అభిప్రాయము మాత్రము ఒక్కటే: “అందరూ ఫోనులో ఆటలాడుతున్నారు.”

చదరంగమును, కబడ్డీని, పేకాటను, లాటరీని ఒక్క మూటగా కట్టి “ఆటలు” అని తిట్టినను, మెచ్చినను అది విమర్శ అనిపించుకొనదు. అయినను వీడియో ఆటల విషయమున మనము చేయుచున్నది ఇదియే. తల్లిదండ్రులు అన్నిటిని కలిపి నిషేధింతురు. ప్రకటనలవారు అన్నిటిని కలిపి మెదడుకు పదునని చెప్పుదురు. ఈ రెండవ మాటను ఎంతవరకు నమ్మవలెనో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. ‘లూమోసిటీ’ అను మెదడు వ్యాయామపు ఆటలను అమ్మిన సంస్థ, చదువులోను ఉద్యోగములోను అవి తోడ్పడునని తగిన ఆధారము లేకయే ప్రకటించినదన్న ఆరోపణపై 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనుకు 20 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించవలసి వచ్చినది. వేగముగా కదలు ఆటలవలన చూపు నిలుపు శక్తి కొంత మెరుగగునని గ్రీన్, బవేలియర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 2003లో ‘నేచర్’ పత్రికలో చూపిన మాట నిజమే. కాని చూపు నిలుపుట వేరు, భౌతికశాస్త్రములో మార్కులు తెచ్చుకొనుట వేరు.

మరి ఆటను దేనితో కొలువవలెను? నేను తరగతిలో విద్యార్థులను అడుగు ప్రశ్న ఒకటి కలదు. “నిన్న నీవు ఓడిపోయితివి గదా, ఎందుకు ఓడితివి?” కొందరు వెంటనే చెప్పుదురు: “కోణం ఎక్కువైంది సార్.” మరికొందరు “లక్కు లేదు సార్” అందురు. ఒకడు మాత్రము, “ఇంకో ఇరవై రూపాయలు పెడితే గెలిచేవాణ్ణి సార్” అన్నాడు. ఈ మూడు జవాబులు మూడు జాతుల ఆటలను చూపుచున్నవి. వానిని వేరుచేయుటకు బొమ్మల అందముతోగాని, సంగీతముతోగాని పనిలేదు.

మన పాత ఆటలనే తీసికొందము. పులి–మేకలో పటమంతయు ఇద్దరి కన్నులముందే ఉండును. మేకలవైపు ఓడినవాడు ఏ ఎత్తులో దారి వదలెనో వ్రేలు పెట్టి చూపగలడు. వైకుంఠపాళిలో ఓడినవాడు చూపగలిగినది ఏమియు లేదు. పామునోట పడుటకు వాడు చేసిన పాపమెంతో, నిచ్చెన ఎక్కినవాడు చేసిన పుణ్యమును అంతే. నీతి పటము మీది బొమ్మలలో ఉన్నది కాని ఆటలో లేదు. అష్టాచెమ్మ ఈ రెంటికి నడుమ నుండును. గవ్వలు పడుట మన చేతిలో లేదు, ఏ కాయను నడుపవలెనన్నది మన చేతిలోనిదే.

వీడియో ఆటలు పుట్టినది ప్రయోగశాలలో అన్న సంగతి మన విద్యార్థులకు అంతగా తెలియదు. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాలను చూడవచ్చిన ప్రజల వినోదార్థము విలియం హిగిన్‌బోథమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరపై టెన్నిసు ఆటను అమర్చెను. వలను ప్రక్కనుండి చూచినట్లుండును, వెలుగు చుక్కయే బంతి. అది గురుత్వాకర్షణకు లోబడి వంగి నేల తగిలి మరల లేచును. నాలుగేండ్ల తరువాత, 1962లో, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు ‘స్పేస్‌వార్’ సిద్ధపరచిరి. నడుమ ఒక నక్షత్రము, దాని ఆకర్షణలో తిరుగు రెండు నౌకలు. ఇంజను ఆపినను నౌక ఆగదు. న్యూటను మొదటి సూత్రమును ఇంత సూటిగా చూపు పరికరము బడులలో నేటికిని అరుదు. చిత్రమేమనగా నౌకలను లాగు ఆ నక్షత్రము నౌకలు పేల్చు గుండ్లను లాగదు. ఆనాటి యంత్రమునకు అంత లెక్క చేయు శక్తి చాలకపోయెను.

ఆ వంశములో ఉత్తమమైనదిగా నేను ఎన్నునది ‘యాంగ్రీ బర్డ్స్’. ఫిన్లాండు దేశపు రోవియో సంస్థ దీనిని 2009 డిసెంబరులో విడుదల చేసినది. ఉండేలులో పిట్టను పెట్టి లాగి విడిచినచో అది గాలిలో ఎగిరి పందులు దాగిన కట్టడమును కూల్చవలెను. పదవ తరగతి దాటిన వానికెల్ల ఇది ప్రక్షేపకపు లెక్క. అడ్డముగా సమాన కాలములలో సమాన దూరములు, నిలువుగా క్షణక్షణము మారు వేగము, రెండును కలిసి పరావలయము. గాలి నిరోధము లేదు కనుక ఎగిరిన ఎత్తులోనే దిగు పక్షము 45 డిగ్రీల కోణము మిక్కిలి దూరము పంపును. లక్ష్యము మేడమీద ఉన్నచో ఆ 45 పనికిరాదని బిడ్డ తనకు తానే కనుగొనును. ఆట నడచుచుండగా తెరను వీడియో తీసి, ఒక్కొక్క చిత్రముగా ఆపి, పిట్ట ఉన్న స్థానములను గ్రాఫు కాగితముపై గుర్తించినచో వక్రరేఖ కంటికి కట్టును. ఖర్చులేని ప్రయోగము.

ఆ ఆటలో నన్ను మెప్పించిన అంశము మరియొకటి. కొత్త పిట్టను లాగునపుడు వెనుకటి పిట్ట పోయిన దారి చుక్కలుగా తెరపై నిలిచియుండును. ప్రయోగశాలలో మనము రికార్డు వ్రాయించుట ఎందుకు? వెనుకటి కొలతను చూచి, ఒక్క అంశమును మాత్రము మార్చి, మరల చేయుటకే గదా. ఈ ఆట పిల్లవానిచే చెప్పకయే ఆ పని చేయించుచున్నది. లోపములు లేకపోలేదు. పసుపుపచ్చ పిట్టను గాలిలో ఉండగా వ్రేలితో తాకినచో దాని వేగము హఠాత్తుగా పెరుగును. దేనిని వెనుకకు నెట్టకయే ముందుకు దూకుట ద్రవ్యవేగ నిత్యత్వమునకు విరుద్ధము. రాకెట్టైనను వాయువులను వెనుకకు విడువనిదే కదలదు. అయితే పసుపుపిట్ట ప్రతిసారియు అట్లే చేయును కనుక ఆటగాడు ఆ సూత్రమును నేర్చి వాడుకొనగలడు. దీనిని తరగతిలో పెట్టి “ఇచట తప్పిన సూత్రమేది?” అని అడిగినచో మంచి చర్చ జరుగును.

అదే సంస్థ 2015లో ‘యాంగ్రీ బర్డ్స్ 2’ తెచ్చినది. బొమ్మలు మరింత మెరుగు, కదలికలు మరింత మృదువు. కాని ఓడి మరల మొదలు పెట్టినచో కట్టడము అమరిక మారియుండును. వెనుకటి దెబ్బనుండి నేర్చినది చాలవరకు వ్యర్థమగును. ప్రయత్నములకు ‘ప్రాణములు’ అని ఒక లెక్క పెట్టినారు. అవి అయిపోయినచో వేచియుండవలెను, లేదా ప్రకటన చూడవలెను, లేదా రత్నములు ఖర్చు చేయవలెను. లోలకము కట్టుకున్న విద్యార్థి మొదటి కొలత తీసిన వెంటనే అటెండరు వచ్చి దారము పొడవు మార్చి, “రెండవ కొలతకు రుసుము కట్టుము” అన్నట్లున్నది. మొదటి ఆటను 2019లో అంగడినుండి తొలగించి, 2022లో మరల తెచ్చి, 2023లో గూగుల్ ప్లే నుండి మరల తీసివేసిరి. తన ఇతర ఆటలపై దాని ప్రభావము పడుచున్నదని సంస్థయే కారణము చెప్పినది. విమర్శకునకు ఇంతకన్న మంచి సాక్ష్యము దొరకదు.

పరుగు ఆటలను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. 2011 నాటి ‘టెంపుల్ రన్’, 2012 నాటి ‘సబ్‌వే సర్ఫర్స్’ ఈ జాతివి. వీనికి గెలుపు లేదు. వేగము పెరుగుచుండగా ఎవరైనను చివరకు ఢీకొందురు. కారణము మాత్రము తేటగానే ఉండును: చూచుటకు, వ్రేలు కదల్చుటకు నడుమ మనకు సుమారు పావు సెకను పట్టును. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుపై గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వచ్చు బస్సు ఆ పావు సెకనులో రెండున్నర మీటర్లు ముందుకు వచ్చును. డ్రైవరు కాలు అప్పటికింకను బ్రేకుమీద పడియుండదు. ఫోను చూచుచు రోడ్డు దాటువారికి ఈ లెక్క ఆటకన్న ఎక్కువ అవసరము.

క్రికెట్టు ఆటల సంగతియు అంతే. బౌలరు గంటకు 140 కిలోమీటర్ల వేగముతో విసరిన బంతి అర సెకనుకన్న తక్కువలో బ్యాటును చేరును. ఫోను ఆటలలో చాలవరకు బంతి పడుచోట ముందే గుర్తు చూపుదురు. అది లేనిచో మనలో నూటికి తొంబదిమంది ఒక్క బంతిని తాకలేరు. ఆ గుర్తును తప్పు పట్టలేము. దాని బలమున తనకు బ్యాటింగు వచ్చునని నమ్మినవాడు సాయంత్రము గ్రౌండుకు వెళ్ళిన నాడు నిజము తెలిసికొనును.

ఇక లూడో. భారతదేశపు పచ్చీసు ఆంగ్లేయులవెంట సముద్రము దాటి, 1896లో ఇంగ్లండులో ‘లూడో’ పేర పేటెంటు పొంది, 2016లో ముంబాయి సంస్థ ఒకటి చేసిన ‘లూడో కింగ్’ రూపమున మన ఫోనులలోనికి తిరిగి వచ్చినది. కరోనా లాక్‌డౌను నాళ్ళలో దీనిని ఆడని ఇల్లు మా పేటలో లేదనవచ్చును. దీనిపై అందరు చేయు ఆరోపణ ఒక్కటే: “ఫోను మోసం చేస్తోంది, నాకు ఆరు పడనివ్వదు.”

ఆరోపణను పరీక్షింతము. నిజాయితీ గల పాచికపై ఒకసారి ఆరు పడకుండుటకు అవకాశము 5/6. వరుసగా పదిసార్లు పడకుండుటకు 5/6ను పదిసార్లు గుణింపవలెను. వచ్చునది సుమారు 0.16. అనగా ఒక మనిషికి ఇది ఆరింట ఒకసారి జరుగవచ్చును. నలుగురు ఆడుచున్నపుడు వారిలో ఎవరికో ఒకరికి మొదటి పది వేతలలో ఆరు పడకపోవుటకు అవకాశము సుమారు 0.51. కనుక పాచిక ఎంత న్యాయమైనదైనను, ప్రతి రెండు ఆటలలో ఒకదానిలో ఒకరు కాయ బయటికి రాక పదిసార్లు గుడ్లప్పగించి కూర్చుందురు. వారే మరునాడు ఫోనును నిందింతురు. పడినవారు మాత్రము ఏమియు అనరు! ఇంతమాత్రముచేత ఫోను నిర్దోషి అని తేలదు, ఈ సాక్ష్యము చాలదని తేలును. చాలిన సాక్ష్యము కావలెనన్నచో 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు 15 వేతలు వ్రాసి తీసికొని రావలెను. మొత్తము 600. ఆరులు సుమారు 100 ఉండవలెను. 80కి 120కి నడుమ ఉన్నచో అనుమానింప పనిలేదు. 60 మాత్రమే వచ్చినచో సంస్థను అడుగవలసినదే.

ఫోనులో పాచిక ఎక్కడిది? లోపల దొరలునది ఏదియు లేదు, లెక్కయే ఉన్నది. వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త 1940లలో చూపిన పాత పద్ధతిని కాగితముపై చేయవచ్చును. 1234ను వర్గము చేయుడు: 01522756. నడిమి నాలుగంకెలు 5227. దానిని మరల వర్గము చేసినచో 27321529, నడిమి అంకెలు 3215. మరల చేసినచో 3362. ఒక్కొక్కదానిని ఆరుచే భాగించి శేషమునకు ఒకటి కలిపినచో 2, 6, 3 వచ్చును. పాచిక పడినట్లే ఉన్నది, అయినను మొదటి సంఖ్య తెలిసినవానికి అన్నియు తెలియును. నేటి పద్ధతులు ఇంతకన్న చాల మేలైనవి, జాతి మాత్రము ఇదియే. అష్టాచెమ్మ గవ్వల లెక్కతో దీనిని పోల్చి చూపవచ్చును. నాలుగు గవ్వలలో ఒక్కొక్కటి వెల్లకిలపడుటకు, బోర్లపడుటకు సమాన అవకాశము ఉన్నదనుకొన్నచో రెండు పడుటకు 6/16, ఒకటికి మూడుకు 4/16 చొప్పున, చెమ్మకు అష్టాకు 1/16 చొప్పున. పెద్ద పందెములు అరుదుగా పడునట్లు గవ్వలలోనే ఏర్పాటున్నది. ఒక్క పాచికకు ఆ సొగసు లేదు.

‘క్యాండీ క్రష్’ వచ్చినది 2012లో. మూడు మిఠాయిలు వరుస చేయుట పసివాని పనివలె కనబడును. ఈ జాతి ఆటల సాధారణ రూపమును త్వరగా సాధించు పద్ధతి ఏదియు కంప్యూటరు శాస్త్రమునకు నేటివరకు తెలియదనియు, అది అట్టి కఠిన సమస్యల కుటుంబములో చేరినదనియు 2014లో టోబీ వాల్ష్ మున్నగువారు నిరూపించిరి. కాని మెట్రోలో ఆడువాడు ఆ కాఠిన్యముతో తలపడుట లేదు. పైనుండి రాలబోవు మిఠాయిలు వానికి కనబడవు. ఒక ఎత్తు వేసిన తరువాత తొట్రుపాటుగా పది మిఠాయిలు పగిలి మోత మోగినచో అది తన నేర్పు అనుకొనును. ఇంకొక్క ఎత్తు మిగిలినచో గెలిచెడివాడననిపించును. ఉన్న ఐదు ప్రాణములు అయిపోయినచో ఒక్కొక్కటి తిరిగి వచ్చుటకు అరగంట. గింజ ఎన్నవ పొడుపుకు పడునో తెలియనపుడు పావురము మీటను మరింత పట్టుదలగా పొడుచునని ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనువారు 1957లో గ్రంథస్థము చేసిరి. కాలక్షేపమునకు ఆడువారిని నేను తప్పుపట్టను. ఇది ఆలోచన పెంచు ఆట అని పిల్లలకు చెప్పుటకు మాత్రము ఒప్పుకొనలేను.

పెద్దలకు ఎక్కువ కోపము తెప్పించునది తుపాకుల ఆట. ‘పబ్జీ’ ఫోను రూపమును కేంద్ర ప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న నిషేధించినది. 2021 జులైలో అది భారతదేశమునకై వేరుగా ‘బి.జి.ఎం.ఐ.’ పేర వచ్చి, 2022లో అంగళ్ళనుండి తొలగింపబడి, 2023లో తిరిగి వచ్చినది. నూరుమంది ఒక దీవిపై దిగుదురు, సురక్షిత వలయము కుంచించుకొనిపోవును, చివర మిగిలినవాడు విజేత. నా కొలబద్దతో చూచినచో ఇది మిఠాయిల ఆటకన్న నిజాయితీ గలది. 300 మీటర్ల దూరమున సెకనుకు 6 మీటర్ల వేగముతో పరుగెత్తువానిపై సెకనుకు 800 మీటర్లు పోవు గుండు పేల్చినచో, అది చేరులోపల వాడు రెండు మీటర్లకు పైగా జరుగును, గుండు సుమారు 70 సెంటీమీటర్లు క్రిందికి దిగును. ఆట ఈ రెంటిని ఇంచుమించుగా అనుకరించును. అడుగుల చప్పుడు ఎడమచెవికి ముందా కుడిచెవికి ముందా అన్నదానినిబట్టి శత్రువు దిక్కు తెలిసికొందురు. ఓడిన విద్యార్థి ఎక్కడ పొరపడెనో వివరముగా చెప్పగలడు. అడిగి చూడుడు, చెప్పుట ఆపడు.

ఆటలోని నేర్పును మెచ్చుకొన్నంత మాత్రమున రాత్రి రెండు గంటలవరకు ఆడుటను మెచ్చుకొన్నట్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆటల రుగ్మత’ను తన రోగముల పట్టికలో చేర్చినది; అది 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. అందు గంటల లెక్క లేదు. ఆపలేకపోవుట, ఇతర పనులన్నిటికన్న ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నను మానకుండుట, సాధారణముగా ఇవి సంవత్సరముపాటు కొనసాగుట, ఇవి లక్షణములు. పరీక్షలైన వారమున తెల్లవార్లు ఆడిన పిల్లవానిని రోగి అనుట తొందరపాటు.

రమ్మీ విషయమున మన జంటనగరములకు ఒక చరిత్ర కలదు. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెప్పుచు, పడిన ముక్కలను గుర్తుంచుకొనుట, ఉంచవలసినది ఉంచి వదలవలసినది వదలుట నేర్పరితనమే కనుక రమ్మీ ప్రధానముగా నేర్పు గల ఆట అన్నది. తరువాతి కాలమున ఫోను రమ్మీలవారందరు ఈ వాక్యమునే జెండాగా పట్టుకొనిరి. అదే తీర్పులో, క్లబ్బువారు పందెపు ఆటనుండి లాభము తీయుచున్నట్లు రుజువైనచో నేరము కావచ్చునన్న మాటయు ఉన్నది. దానిని ఎవరు జెండాపై వ్రాసికొనలేదు.

లెక్కలో ఉన్న కీలకము ఆ రెండవ మాటయే. ఆరుగురు నూరేసి రూపాయలు పెట్టిరనుకొందము. ఆడించువాడు నూటికి పది చొప్పున 60 తీసికొని గెలిచినవానికి 540 ఇచ్చును. ఆరుగురు సమానమైన నేర్పరులైనచో ఆరు ఆటలకు ఒక్కొక్కరు 600 పెట్టి సగటున 540 పొందుదురు. వంద ఆటలకు వేయి రూపాయల నష్టము. ఆటగాళ్ళు మరింత నేర్పరులైనను ఈ వేయి తగ్గదు. వారిలో ఒకడు నిజముగా లాభపడవలెనన్నచో మిగిలినవారు ఆ వేయితోబాటు వాని లాభమునుకూడ భరింపవలెను. నల్లగొండనుండియో సూర్యాపేటనుండియో వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో ఉండి పోటీ పరీక్షలకు చదువు కుర్రవాని ఖాతాలో ఉండునది నెల మెస్సు సొమ్ము. బల్లకవతల కూర్చున్న ముఖము వానికి కనబడదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఆన్‌లైను పందెములను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నేర్పా అదృష్టమా అన్న విచారణను వదలి, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించినది. ప్రశ్న మార్చుట సరియైనదే అని నా అభిప్రాయము.

పందెము లేని ఆటలలోకూడ పెట్టెలు అమ్ముదురు. అరుదైన దుస్తులో తుపాకిరంగో అందులో ఉండవచ్చును. అవకాశము నూటికి ఒకటి అన్నచో నూరు పెట్టెలు తెరచిన తప్పక దొరకునని మా విద్యార్థులలో చాలమంది అనుకొనుచున్నారు. 0.99ను నూరుసార్లు గుణింపుడు: 0.37 వచ్చును. నూరేసి పెట్టెలు కొన్న వందమందిలో సుమారు 37 మంది వట్టిచేతులతో మిగులుదురు. ఇట్టి పెట్టెల అవకాశములను కొనుటకు ముందే తెలుపవలెనని ఆపిల్ 2017లోను, గూగుల్ 2019లోను నియమము పెట్టినవి. ఆ అంకెను వెదకి చూపుమని తరగతిలో మిక్కిలి చురుకైన ఆటగానికి చెప్పితిని. దుకాణము పేజీలో ఒక మూల ప్రశ్నార్థకపు గుర్తును నొక్కి, అందులో మరియొక పేజీ తెరచి, చిన్న అక్షరముల పట్టిక అడుగున వాడు దానిని కనుగొనుసరికి పదునాలుగు నిమిషములు పట్టినది. రెండేండ్లుగా ఆ ఆట ఆడుచున్నాడట, ఆ పేజీని చూచుట అదే మొదటిసారి.